కంట్రోల్ ఊళ్లో దగ్గు

2018 డిసెంబర్. నల్గొండ జిల్లా, పాత మహబూబ్‌నగర్ జిల్లా కలిసే చోట ఒక వాగు, దానికి అటూ ఇటూ రెండు ఊళ్లు. పేర్లు చెప్పను. సర్వే చేసిన ఊరి పేరు బయటపెట్టకూడదన్నది మా పనిలో మొదటి నియమం.

పిల్లల చదువు కోసం పెట్టిన కార్యక్రమాలు నిజంగా పనిచేశాయా లేదా అని కొలవడం నా ఉద్యోగం. అప్పట్లో ఒక సంస్థ కొన్ని ఊళ్లలో సాయంత్రం పూట చదువు కేంద్రాలు నడిపేది. ఏ ఊళ్లో పెట్టాలో లాటరీ తీసి తేల్చారు. లాటరీలో రాని ఊళ్లను మేం కంట్రోల్ ఊళ్లు అంటాం. మొదలుపెట్టేముందు రెండు రకాల ఊళ్లలోనూ పిల్లల చేత చదివిస్తాం, అది బేస్‌లైన్. చివర్లో మళ్లీ చదివిస్తాం, అది ఎండ్‌లైన్. కేంద్రం ఉన్న ఊరి పిల్లలు కంట్రోల్ ఊరి పిల్లల కంటే ఎంత ముందుకెళ్లారో, ఆ తేడాయే కార్యక్రమం ఫలితం. తేడా లేకపోతే కేంద్రాలు మూతపడతాయి.

నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. ఆ వాగు దగ్గర సిగ్నల్ రాదని తెలిసిన రోజే మా డ్రైవర్ సలీం భాయ్ మీద అరిచాను, టవర్ ఆయనే పీకేసినట్టు. ఆయన నవ్వి, గుట్ట ఎక్కితే వస్తదన్నాడు.

ముందు కేంద్రం ఉన్న ఊరికి వెళ్లాం. అక్కడ సుజాత అనే అమ్మాయి చదువు చెప్పేది. ఆ ఊరి ఆడపిల్లే, ఇంటర్ పాసైంది. చిన్నప్పటి నుంచీ గుండె జబ్బు. ఆ ఏడాది ఎండాకాలంలోనే చనిపోయింది. కేంద్రం వాళ్లింటి ముందరి గదిలోనే, వాళ్లు అర్ర అంటారు. ఆమె పోయాక కూడా తల్లి ఎల్లమ్మ రోజూ సాయంత్రం తలుపు తీసి, చాపలు పరిచేది. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పుకునేవాళ్లు. ఎల్లమ్మకు చదవడం రాదు. గడప మీద కూర్చుని వినేది.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కార్డు మీద కథ చదవాలి. తల్లిదండ్రుల అనుమతితో ట్యాబ్ మధ్యమధ్యలో రికార్డు చేస్తుంది. మా వాళ్లు సరిగ్గా అడుగుతున్నారా అని తర్వాత వింటాను, దాన్ని ఆడియో ఆడిట్ అంటారు. పిల్లలు బాగా చదివారు. కానీ కష్టమైన పదం వచ్చినప్పుడల్లా ఆగి, గొంతులో సన్నగా దగ్గి, అప్పుడు ఆ పదం పలికేవాళ్లు. చలికాలం కదా అనుకున్నాను. మమత అనే పదేళ్ల పిల్లని జలుబా అని అడిగాను.

"కాదు మేడం. పెద్ద పదం ఒస్తే దగ్గాలె. దగ్గినంకనే ఒస్తది."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"సుజాత మేడం గట్లనే చదివేది."

జబ్బు ముదిరాక ఆమె ఆయాసంతో ఆగి, దగ్గి, మళ్లీ చదివేదట. పిల్లలు ఆ దగ్గును కూడా పాఠంలో భాగమనుకున్నారు. ట్యాబ్ మూసేస్తుంటే ఎల్లమ్మ నా పక్కకు వచ్చింది.

"గీ అర్ర బంద్ జేస్తరా బిడ్డా?"

అది నా చేతిలో లేదని చెప్పాను. ఆమె లోపలికి చూసింది. పిల్లలు చదువుతూనే ఉన్నారు.

"పొద్దూకితే ఆమె గొంతు ఇనవడ్తది గీడ," అంది. "మూస్తే యాడికి వోయి ఇనాలె?"

మర్నాడు వాగు దాటి కంట్రోల్ ఊరికి వెళ్లాం. అక్కడ కేంద్రం లేదు, ఎప్పుడూ లేదు. బడి వరండాలో కూర్చుని మొదటి పిల్లాడికి కార్డు ఇచ్చి, నేను ఫోన్‌లో పాత మెసేజ్‌లు చూసుకుంటున్నాను. వాడు చకచకా చదువుతూ 'నక్షత్రాలు' దగ్గర ఆగాడు. సన్నగా దగ్గాడు. "నక్షత్రాలు" అన్నాడు.

ఫోన్ లోంచి తల ఎత్తాను. తర్వాతి పిల్ల కూడా అదే పదం దగ్గర ఆగింది. అదే దగ్గు, అదే శ్రుతి. ఆ తర్వాతి పిల్ల కూడా అంతే. నవ్వడం లేదు, ఒకరినొకరు చూసుకోవడం లేదు. ఎవరు నేర్పారని ఆ చివరి పిల్లను అడిగితే, అన్నం ఎవరు పెట్టారని అడిగినట్టు చూసింది.

"సుజాత మేడం."

"ఆమె ఈడికి వస్తదా?"

"ఊళ్లెకు రాదు. పత్తికాడికి ఒస్తది."

"ఎప్పుడు వచ్చింది?"

"మొన్న ఒచ్చింది. నిన్న రాలే."

అక్కడి హెడ్మాస్టర్‌ను అడిగితే ఆ పేరే వినలేదన్నారు. జీపులో కూర్చుని రికార్డింగులు మళ్లీ మళ్లీ పెట్టి విన్నాను. చివరికి సలీం భాయ్ అద్దంలోంచి నన్ను చూస్తూ, "జర గా దగ్గు బంద్ జెయ్యుండ్రి మేడం, నాకు గూడ గొంతు గీక్కపోతాంది," అన్నాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి, అప్పుడు నవ్వలేదు.

గుట్ట ఎక్కాక మిగతా బృందాల ఆడియో కూడా దిగింది. వాగు వెంట ఉన్న ఇంకొన్ని కంట్రోల్ ఊళ్లలోనూ అదే దగ్గు.

మా మేనేజర్‌కు ఫోన్ చేశాను. ఆయనకు దగ్గుతో పని లేదు. కంట్రోల్ పిల్లలు కూడా ఇంత బాగా చదివితే తేడా మాయమైపోతుంది, అంటే కార్యక్రమం పనిచేయలేదని తేలుతుంది. వాగు వెంట ఊళ్లను లెక్కలోంచి తీసేద్దామా అన్నాడు. లాటరీ తీసిన ఊరిని నచ్చలేదని తీసేస్తే అది కొలత కాదు, మోసం అని అరిచాను. "మరి రిపోర్టులో ఏం రాస్తవ్, దయ్యం అనా?" అన్నాడు. ఫోన్ కట్ చేశాను. చేశాక ఎల్లమ్మ అర్ర గుర్తొచ్చింది. ఆయన చెప్పినట్టు వింటే ఆ తలుపు తెరిచే ఉంటుంది.

ఆదివారం పత్తి చేనుకు వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. కళ్లు చెదిరే తెలుపు, ఎక్కడా నీడ లేదు. రెండు ఊళ్ల ఆడవాళ్లూ ట్రాలీ ఆటోల్లో వచ్చి ఒకే రైతు చేలో పత్తి ఏరుతున్నారు. గట్టు మీద వాళ్ల పిల్లలు సంచులు పరుచుకుని వరసలుగా కూర్చున్నారు. ముందర ఒక పిల్ల చున్నీని కొంగులా వేసుకుని, నాకు వీపు పెట్టి నిలబడింది. మాట మాత్రం పిల్ల మాట కాదు. నిదానంగా, అలసిపోయిన ఆడమనిషి మాట. ఒక పదం దగ్గర ఆగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని దగ్గింది. కూర్చున్న పిల్లలంతా ఆగి, ఆమె దగ్గడం అయ్యేదాకా చూశారు.

జడ చూసి గుర్తుపట్టాను. "మమతా," అని పిలిచాను. తిరగలేదు. మళ్లీ పిలిచాను. వెనక కూర్చున్న ఒక చిన్న పిల్ల నా చున్నీ పట్టి లాగింది.

"మమత ఇయ్యాల రాలే అక్కా. గామె సుజాత మేడం."

పాఠం అయ్యేదాకా ఆ ఎండలోనే నిలబడ్డాను.

పాఠం అయ్యాక ఆ పిల్ల చున్నీ తీసి మడిచింది. తిరిగి నన్ను చూసి, "ఎప్పుడొచ్చిండ్రు మేడం?" అంది, మమత గొంతుతోనే. అది వాళ్ల బడి ఆట, బడాట అంటారు. చున్నీ ఎవరు వేసుకుంటే ఆ రోజుకు వాళ్లే సుజాత మేడం. కంట్రోల్ ఊరి పిల్లలూ వంతులు వేసుకుంటారు. ఆమెను వాళ్లు ఎన్నడూ చూడలేదు. ఏరడానికి ఏ ఊరి చేలకు పోతే అక్కడ బడి పెట్టారు. ఒక ఊళ్లో చేసిన పని పక్క ఊరికి పాకడాన్ని మేం స్పిల్‌ఓవర్ అంటాం. పుస్తకంలో చదివాను కానీ, అది చున్నీ వేసుకుని నిలబడుతుందని అనుకోలేదు.

నాలుగు సాళ్ల అవతల ఎల్లమ్మ పత్తి ఏరుతోంది. దగ్గు వినిపించినప్పుడల్లా ఆమె చేతులు ఆగుతున్నాయి. దగ్గరికి వెళ్తే తల ఎత్తకుండానే అంది.

"నాకెరుకే బిడ్డా. ఊళ్లె పెద్దమనుషులకు చెప్పకు. పోరగాండ్లకు గాలి సోకిందని మంత్రగాన్ని పిలుస్తరు. బడాట ఆగిపోతది."

చెప్పలేదు. రిపోర్టులో మాత్రం ఊరి పేరు లేకుండా ఉన్నదంతా రాశాను. ఏ ఊరినీ తీసేయలేదు. మేనేజర్ తిట్టుకుంటూనే సంతకం చేశాడు. నిధులిచ్చేవాళ్లు స్పిల్‌ఓవర్ పేరా చదివి బాగుందన్నారట, కానీ తేడా చిన్నదే కదా అన్నారు. వానాకాలంలో కేంద్రాలు మూసేశారు.

మూసివేత ఉత్తరం ఇవ్వడానికి నేనే వెళ్తానని పట్టుబట్టాను. ఎల్లమ్మ గడప మీద కూర్చుని చదివి చెప్పమంది. వెనక అర్రలో చాపలు చుట్టి పెట్టి ఉన్నాయి. ఆఫీసు తెలుగు, గడగడా చదువుకుంటూ పోయాను. 'ఉపసంహరించుకోవడమైనది' దగ్గర ఆగాను. గొంతులో సన్నగా దగ్గు. ఆ తర్వాతే ఆ పదం వచ్చింది.

నాకు జలుబు లేదు.

ఎల్లమ్మ తల ఎత్తి నన్ను చూసింది.

"నువ్వు గూడ ఆమెకాన్నే నేర్చినవా బిడ్డా?"

కాగితం ఆమె వైపు చాపాను. ఆమె ఉత్తరం తీసుకుని, మడిచి, కొంగున కట్టుకుంది. "అర్రనే గదా మూసిండ్రు," అంది. చాపలు ఎత్తుకుని చేను దిక్కు నడిచింది.

ఇప్పుడు ఏ కొత్త ఊరికి వెళ్లినా ముందు ఫోన్ సంచిలో పెడతాను. కార్డులు తీయకముందు, పిల్లలు ఆడుకునే చోట కాసేపు నిలబడి వింటాను. మేం లాటరీ తీసి, ఇక్కడిదాకే అని ఊళ్లను విడదీస్తాం. చదువు చెప్పిన మనిషి గొంతు ఎక్కడిదాకా నడిచిందో పిల్లలు నోరు తెరిస్తేనే తెలుస్తుంది. ఈ పేరాలు రాసి పైకి చదువుకున్నాను, రెండు చోట్ల ఆగాల్సి వచ్చింది.