గొలుసు లేని ట్రైలరు

పిన్ను ఊడినా ట్రైలరు విడిపోకుండా ట్రాక్టరుకు తగిలించే గొలుసును తీసి కోడెను కట్టేయడం నేను చేసిన తప్పు. అరవైల్లో, ట్రాక్టరు కొన్న కొత్తలో, నందిగామ నుంచి జగ్గయ్యపేటకు మిరపకాయల బస్తాలు వేసుకుని బయలుదేరాం.

"గొలుసేదన్నయ్యా? పిన్ను ఊడితే ఎట్టా?" అన్నాడు తమ్ముడు.

"ఆడంగి వెధవా! భయమైతే ఇంటికెళ్ళి మీ ఆవిడ పక్కన కూర్చోరా," అన్నాను. కూలీలు నవ్వారు. వాళ్ళు నవ్వాలనే అన్నాను. తమ్ముడు బస్తాల మీదికెక్కాడు.

మిట్ట ఎక్కుతుండగా పిన్ను ఊడింది. ట్రైలరు వెనక్కి దొర్లి బోల్తాపడింది. దాని కింద తమ్ముడి కాలు నుజ్జయింది. ఆస్పత్రిలో మోకాలి దాకా తీసేశారు.

తెలివి వచ్చాక వాడు, "ఇంక అరక ఎట్టా పట్టేదన్నయ్యా?" అని మాత్రం అడిగాడు.

ఆ ఏడు నుంచి తొలకరి పడగానే ముందు వాడి చేను దున్నుతున్నాను. తర్వాతే నాది.