కూల్చని కొలత దిమ్మ

బుల్లెమ్మా, నువ్వు పోయావన్న కబురు నాకు ఊడ్పుల్లో తెలిసింది. బడి బంట్రోతు సైకిలు గట్టుమీద పడుకోబెట్టి, చేలోకి దిగకుండా అక్కడే నిలబడ్డాడు. అతను నోరు తెరవకముందే నాకు అర్థమైంది. చేతిలో ఉన్న నారుకట్ట నాటేసి గట్టెక్కాను. ఎందుకు నాటానో ఇప్పటికీ తెలియదు.

చదివేవాళ్ళకి చెబుతున్నాను. బుల్లెమ్మ నా చిన్నకూతురు. మీలో చాలామందికి సోషల్ పంతులమ్మ. కామెర్లు ముదిరి బెజవాడ పెద్దాసుపత్రిలో పదకొండు రోజులు ఉంది. ముందురోజే నన్ను ఇంటికి పంపించింది. అక్క ఉందిగా, నువ్వెళ్ళి ఊడ్పులు చూసుకో, నాకు బానే ఉంది అంది. నేను నమ్మి బస్సెక్కాను. ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్ అమ్మగారు బడి పత్రికకి నాలుగు మాటలు రాయమన్నారు. నేను చదివింది రెండో తరగతి. తప్పులుంటే దిద్దుకోండి.

మా ఊరికి పడమట, కాలవ పక్కన పాటిదిబ్బ ఉండేది. ఎప్పుడో జనం కాపురమున్న చోటు. బూడిద, పెంట, ఎముకలు కలిసి మాగిన మన్ను కాబట్టి చేలకి మంచి ఎరువు. ఎండాకాలం వస్తే దిబ్బగల కామందు బళ్ళు కట్టించి ఆ మన్ను చేలకి తోలించేవాడు. తవ్వి గంపలకెత్తేది మేం ఆడకూలీలం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో దిబ్బ ఎక్కి నిలబడితే కాలవ అవతలి చర్చి గంట కనబడేది. నా పెద్దకూతురు పుట్టేసరికి గంట కనబడ్డం మానేసింది. చర్చి పెరగలేదు, దిబ్బ తరిగింది. ఆ కూలితోనే బుల్లెమ్మని చదివించాను. అది కాపాడాలనుకున్న దిబ్బలో ఎంత మన్ను నా నెత్తిమీదుగా పోయిందో నాకే తెలియదు.

దానికి ఐదారేళ్ళప్పుడు గంపలో మట్టి పొట్టేలు తలకాయ ఒకటి దొరికితే ఆడుకోవడానికి తెచ్చిచ్చాను. వేరే పిల్లలైతే పుచ్చుకుని పరిగెత్తేవాళ్ళు. అది ఎక్కడ దొరికిందని అడిగింది. గంపలో అన్నాను. గంపలోకి ఎక్కణ్ణించి వచ్చిందంది. దిబ్బలోంచి అన్నాను. దిబ్బలో ఎక్కడ అంది. నేను విసుక్కుని అన్నం తినమన్నాను. తింటాలే అమ్మా అంది. ఆ మాట దాని నోటివెంట నేను కొన్నివేలసార్లు విన్నాను. అది తినదని అర్థం.

చదువయ్యాక మన బడికే పంతులమ్మగా వచ్చింది. బడి బీరువాలో అడుగు అర ఖాళీ చేయించి, దిబ్బలో దొరికినవి అక్కడ పెట్టడం మొదలుపెట్టింది. పూసలు, పెంకులు, పగిలిన మూకుళ్ళు. ఒక్కోదాని పక్కన చీటీ. చీటీమీద అది ఎక్కడ, ఎంత లోతులో దొరికింది, ఎవరికి దొరికింది అని. ఎక్కడ దొరికిందో చెప్పలేకపోతే అది వట్టి పెంకే అనేది. మా ముఠాలో పెద్దది అచ్చమ్మ. తన పేరు చీటీమీద ఉందని విని బడికి వెళ్ళి పిల్లలచేత చదివించుకుంది. మళ్ళీ చదవమంది. అప్పట్నుంచి మేం గంపలో ఏం మెరిసినా బండిలో పొయ్యకుండా కొంగున కట్టుకునేవాళ్ళం.

ఒకప్పుడు ఇది ఓడలొచ్చే పట్నమనీ, సముద్రం ఇంకా దగ్గరగా ఉండేదనీ అది మాకు చెప్పింది. "మరి ఇప్పుడెక్కడికి పోయింది పంతులమ్మగారూ, ఊడ్పులకా?" అని అచ్చమ్మ అడిగింది. అందరికంటే ఎక్కువ నవ్వింది మా అమ్మాయే.

మిగిలిన కాస్త దిబ్బనైనా వదిలెయ్యమని కామందుని రెండేళ్ళు అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు. దిబ్బని చూస్తూ కూచుంటే వడ్లు పండవు పంతులమ్మా అనేవాడు. పోయిన ఎండాకాలం ఆ కాస్తా తవ్వేశాం. పాతకాలం దిబ్బలూ కట్టడాలూ చూసే సర్కారు ఆఫీసు బెజవాడలో ఉంది, దానికి మా అమ్మాయి రాసిన ఉత్తరాలకి అప్పటికింకా జవాబు రాలేదు.

మా మట్టిపనిలో ఒక పద్ధతి ఉంది. ఎంత తవ్వామో తెలియడానికి గోతి మధ్యలో ఒక దిమ్మని ముట్టుకోకుండా వదిలేస్తాం. చుట్టూ తవ్వుకుంటూ పోతే అది స్తంభంలాగా నిలబడుతుంది. దాని నెత్తిమీద పాత నేలా, గడ్డీ అలాగే ఉండాలి. పనయ్యాక మేస్త్రి బద్ద పెట్టి దాన్ని కొలుస్తాడు, ఆ ఎత్తుని బట్టే మా కూలి. కొలత అయ్యాక కూల్చేస్తాం.

ఆ దిమ్మ కూల్చబోతుంటే మా అమ్మాయి బడిలోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులు ఎక్కడో వదిలేసింది. దిబ్బంతా పోయినా దాని వరస మొత్తం ఈ దిమ్మలో ఉంది, దీన్ని ముట్టుకోకండి అంది. చూస్తే నిజమే. అడుగున ఏటి ఇసక, దానిమీద నల్లటి బూడిద, ఎర్ర ఇటికముక్కలు, గుల్లలు, మళ్ళీ బూడిద. ముప్ఫై ఏళ్ళు ఆ మన్ను మోశాను, ఆ చారలు నాకెప్పుడూ కనబడలేదు. కోతల దాకా ఉంచుకోమని కామందు ఒప్పుకున్నాడు.

నాలుగు రోజులు గోతిలో గొడుగేసుకుని కూచుని ఆ దిమ్మ బొమ్మ గీసింది. నేను కారేజీ తీసుకెళ్ళి పక్కన పెట్టేదాన్ని. సాయంత్రం వెళితే చీమలు తింటుండేవి. మూడో రోజు చాలా సంతోషంగా ఇంటికొచ్చింది. దిమ్మకి పైన గడ్డి ఉంది, దాని కింద జానెడు ఎర్రమట్టి, ఆ మట్టి కింద మళ్ళీ గడ్డివేళ్ళు ఉన్నాయంది. ఊరు పాడుబడి గడ్డి మొలిచాక మళ్ళీ ఎవరో వచ్చి ఉన్నారన్నమాట, ఈ సంగతి ఎవరికీ తెలియదు, బెజవాడ ఆఫీసుకి రాస్తానంది.

ఆ వచ్చినవాళ్ళెవరో నాకు తెలుసు. కొలత ఎక్కువ రావడానికి దిమ్మ నెత్తిన కాస్త మట్టి మెత్తి, పైన గడ్డిచెక్క అతికించి, నీళ్ళు చల్లి బతికించడం మా అత్తల నాటినుంచీ ఉన్నదే. చెబితే ముఠా అందరి పరువూ పోతుంది, పనీ పోవచ్చు. చెప్పకపోతే నా కూతురు అబద్ధాన్ని కష్టపడి బొమ్మ గీసి పెద్దవాళ్ళకి పంపిస్తుంది. పప్పు వడ్డించి, గరిటె చేతిలో పట్టుకునే చెప్పాను.

"ఎవరూ రాలేదే బుల్లెమ్మా. అది మేం పెట్టిన మట్టే."

పొలమారేదాకా నవ్వింది. నవ్వడం అయ్యాక ఎంత పెట్టారంది. జానెడు అన్నాను.

"నీ జానా, అచ్చమ్మ జానా?"

నాదేనంటే ఎంగిలిచేయి కడుక్కొచ్చి, స్కేలు తెచ్చి నా జాన కొలిచింది. బొమ్మలో ఆ చోట ఏదో రాసింది. కామందు చూస్తే ఎలాగే అన్నాను. ఆయన చూడడులే అమ్మా, కానీ అబద్ధం మాత్రం రాయలేనుగా అంది. కంచంలో అన్నం అలాగే ఉంది. ఆ వారమే కాయితం బెజవాడకి పోస్టు చేసింది. బళ్ళు తెరిచాక రెండు నెలలకి దానికి జ్వరం వచ్చింది.

కోతలయ్యాయి. దిబ్బ పోయిన చోటు చదును చేసి చేను చెయ్యాలి, దిమ్మ తీసెయ్యండని కామందు కబురు పెట్టాడు. మేం గునపాలు తీసుకునే వెళ్ళాం. అచ్చమ్మ గునపం కింద పెట్టి దానిమీద కూచుంది. మిగతావాళ్ళూ కూచున్నారు. కూచోమని నేను ఎవరికీ చెప్పలేదు. మేస్త్రి కాసేపు తిట్టి వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే. మూడో రోజుకి కామందే వచ్చాడు. పంతులమ్మగారి కాయితానికి జవాబు వచ్చేదాకా పదిరోజులు గడువియ్యమని అడిగాను. పోయినవాళ్ళకి జవాబులు రావే అన్నాడు. అన్నాక తనే తల దించుకున్నాడు. పదిరోజులు ఇచ్చాడు.

తొమ్మిదో రోజు బెజవాడ నుంచి ఒక ఆఫీసరుగారు బస్సు దిగి వచ్చారు. మా అమ్మాయి లేదని ఆయనకి బడిలో చెబితేనే తెలిసింది. గోతిలోకి దిగి, కాయితం విప్పి, దిమ్మనీ బొమ్మనీ చారచారా సరిచూశారు. ఊరు ఊరంతా గట్టుమీద ఉంది. పై చారకి వచ్చేసరికి ఆగారు.

"ఇక్కడ 'మా అమ్మ జానెడు' అని రాసుందండీ. అంటే ఏంటండీ?"

కామందు నావైపు చూశాడు. మేస్త్రి కాలవ వైపు చూశాడు. అచ్చమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. చెప్పకపోతే ఆ కాయితంలో నా కూతురి మాటకి అర్థం లేకుండా పోతుంది. గోతిలోకి దిగి, దిమ్మమీద నా జాన ఆనించి చూపించాను. సరిగ్గా సరిపోయింది. ఇది నేను పెట్టిందండీ, కొలత కోసం, దీని కిందనుంచే అసలుది అన్నాను.

"ఎన్నాళ్ళనుంచే ఇది?" అన్నాడు కామందు.

"దిబ్బ ఉన్నప్పట్నుంచీ అయ్యా."

ఆయన దిమ్మచుట్టూ ఒకసారి తిరిగాడు. పైన గడ్డి పట్టుకుని లాగాడు. రాలేదు. వేళ్ళు పట్టేసిందన్నాడు. తర్వాత మేస్త్రితో, దున్నేటప్పుడు అరకలు దీని పక్కనుంచి తిప్పుకోమను అని చెప్పి వెళ్ళిపోయాడు. మమ్మల్ని పనిలోంచి తియ్యలేదు. కాకపోతే ఇప్పుడు ఎక్కడ దిమ్మ కొలిచినా ముందు గడ్డి పీకి చూస్తున్నాడు. అచ్చమ్మ నన్ను రెండు వారాలు సాధించింది. ఆఫీసరుగారు కాయితం వెనక్కి తీసుకెళ్ళారు. తీసుకెళ్ళే ముందు నా చేతికిచ్చారు. కూడబలుక్కుని చదువుకున్నాను. మూడే మాటలు. పాతకాలంవి అన్నీ రాశాక, అన్నిటికంటే పైన నన్ను రాసింది.

దిమ్మ అక్కడే ఉంది. ఎత్తు మనిషి ఎత్తు. బూడిద చారలో ఏవో చిన్న పిట్టలు బొక్కలు చేసుకున్నాయి. వానకి పైన గడ్డి మళ్ళీ పచ్చబడింది. మధ్యాహ్నం పొద్దు వాలాక దాని పక్కన ఒక్క మనిషికి సరిపడా నీడ పడుతుంది. కూలికి వెళ్ళినప్పుడు ఆ నీడలో కూచుని కారేజీ విప్పుతాను. అంతా తినే లేస్తాను.

మీరు కూడా వేళకి అన్నం తినండి. కడుపునిండా తినండి.