చదవక్కర్లేదు, తీసుకెళ్తే చాలు

పక్కింటి అంకుల్ పోయారని వాళ్లమ్మాయి డునెడిన్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. ఆ సమయానికి నా కారు డిక్కీలో, బియ్యం బస్తా పక్కన, ఆయన రాసిన కౌబాయ్ నవలలు తొమ్మిది పడున్నాయి. లైబ్రరీకి తిరిగిచ్చే గడువు మర్నాడే. నిజం చెప్పొద్దూ, నాకు మొదట ఏడుపు రాలేదు. వెళ్తూ వెళ్తూ కూడా ఈ పని నా నెత్తినే పెట్టి వెళ్లారు అనుకున్నాను. ఫోన్ పెట్టేసి, స్టవ్ మీద పాలు దింపాక అప్పుడు ఏడ్చాను.

మీలో ఎవరూ ఆయన పేరు విని ఉండరు. విన్నా లాభం లేదు, ఆ పేరు ఏ పుస్తకం మీదా లేదు. అట్టల మీద ముగ్గురు అమెరికన్ల పేర్లుండేవి. ఆ ముగ్గురూ మా అంకులే. ఉద్యోగం పాలపొడి ఫ్యాక్టరీలో. తెల్లవారుజాము డ్యూటీకి వెళ్లేముందు వంటింటి బల్ల మీద టైప్‌రైటర్ పెట్టుకుని కూర్చునేవారట. అమెరికాలో అడుగు పెట్టలేదు, గుర్రమెక్కితే నడుం నొప్పి. అయినా నలభై ఏళ్లపాటు, రెండు నెలలకొక నవల చొప్పున, అరిజోనా ఎడారిలో మనుషుల్ని కాల్చి పారేశారు. మొత్తం ఎన్ని రాశారంటే ఆయనకే సరిగ్గా తెలియదు. ఇంగ్లండులో ఒక పబ్లిషర్ వాటిని లైబ్రరీల కోసమే గట్టి అట్టలతో వేసేవాడు. ఏ పత్రికా ఒక్క సమీక్ష రాయలేదు.

మేం ఈ పరాయి దేశంలో, రోటోటూనా అనే పేటలో ఇల్లు కొనుక్కుని వచ్చిన మొదటి వారమే ఆయన సంచీడు ఫీజోవా పళ్లు పట్టుకుని తలుపు కొట్టారు. పళ్లు ఇవ్వడానికి వచ్చారనుకుని మురిసిపోయాను.

"థాంక్స్ అంకుల్" అన్నాను.

"నేను నీకు అంకుల్ని ఎలా అవుతాను?"

"మా వైపు పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవమండీ."

"సరే కానీ, నీకు లైబ్రరీ కార్డుందా?"

సంగతేమిటంటే, ఎవరూ తీసుకెళ్లని పుస్తకాలను లైబ్రరీవాళ్లు కొన్నాళ్లకు షెల్ఫులోంచి తీసేస్తారు. తీసేసినవి గుమ్మం దగ్గర అట్టపెట్టెలో పడేసి, ఎవరికి కావలిస్తే వాళ్లకి ఇచ్చేస్తారు. ఆయన పబ్లిషర్ ఎప్పుడో మూసేశాడు. కొత్తవి రావు, పాతవి మళ్లీ అచ్చు కావు. తను బతికున్నన్నాళ్లూ తన పుస్తకాలు ఆ పెట్టెలో పడకూడదన్నది ఆయన పట్టుదల. తనే తీసుకెళ్దామంటే అక్కడందరూ తెలిసినవాళ్లే, నవ్వుతారని సిగ్గు. అందుకని నేను దొరికాను.

"అన్నీ చదవాలా అంకుల్?" అని భయంగా అడిగాను.

"చదవక్కర్లేదు, తీసుకెళ్తే చాలు."

అలా మొదలైంది ఆరేళ్ల గోల. మూడు వారాలకోసారి చీటీ మీద పేర్లు రాసిచ్చేవారు. ఆ షెల్ఫులో అన్నీ ఒకలాగే ఉంటాయి, ప్రతి అట్ట మీదా టోపీ పెట్టుకున్నవాడొకడు తుపాకీ పట్టుకుని నిలబడతాడు. ఒకసారి పొరపాటున వేరే రచయితది తెచ్చాను. దాన్ని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని, "వీడికి గుర్రానికీ గాడిదకీ తేడా తెలీదు. మనం వీణ్ని బతికించడమెందుకు?" అన్నారు. ఆ పూటే వెళ్లి తిరిగిచ్చేసి రావలసి వచ్చింది. నా కార్డు చాలక మా ఆయన కార్డు, అదీ చాలక మా పాప కార్డు వాడాం. "ఇంట్లో తెలుగు పుస్తకం ఒక్కటి లేదు గానీ, ఈ గుర్రాలకి మాత్రం కొదవ లేదు. ఇంకెన్నాళ్లే ఇది?" అని మా ఆయన సణిగేవారు. ఆయన కష్టం ఆయనది, నాది నాది. తల ప్రాణం తోకకొచ్చేది.

దానికి తోడు నా చాదస్తం ఒకటి. పుస్తకం అంటే సరస్వతి అని పెంచారు కదా, ఇంటికి తెచ్చిన వాటిని తుడవకుండా ఉండలేను. చిరిగిన చోట టేపు అంటించేదాన్ని. చాలా పుస్తకాల్లో పదిహేనో పేజీ దగ్గరో, చివరి పేజీ దగ్గరో పెన్సిల్ గీతలు ఉండేవి. చిన్న త్రికోణం, అడ్డగీత కొట్టిన సున్నా, ఏదో పొడి అక్షరం. పిల్లల పనే అనుకున్నాను. లైబ్రరీవాళ్లు మనమే గీశామనుకుంటారేమోనని ఇంకో భయం. పరాయి దేశంలో మాట పడడమెందుకని, పాప రబ్బరు తీసుకుని అన్నీ శుభ్రంగా చెరిపి ఇచ్చేదాన్ని. ఆరేళ్లూ అలా చెరిపాను.

మొండితనానికి లోటులేదు అంకుల్‌కి. ఊళ్లో రచయితల సంఘంవాళ్లు ఒకసారి టీకి పిలిచారు. కారులో తీసుకెళ్లి తీసుకొచ్చే పని నాదే. అక్కడొకావిడ చాలా మర్యాదగా, "మీరు మన దేశం గురించి ఎప్పుడు రాస్తారు?" అని అడిగింది. "మన దేశం గురించి రాసేవాళ్లు ఈ గదిలోనే పదిమంది ఉన్నారు. ఆ ఎడారిలో మా షెరీఫ్‌కి నేను తప్ప దిక్కులేదు" అన్నారు. మళ్లీ ఎవరూ పిలవలేదు. దారంతా ఆవిడ కేకు బాగా చేసిందని మెచ్చుకుంటూ వచ్చారు.

పాప ఈత క్లాసులో ఉండగా, బయట తోచక, డిక్కీలోంచి ఒకటి తీసి నేను కూడా చదివాను. ఆ సంగతి చెబితే అంకుల్ మొహం ఎర్రబడింది. "నిన్ను ఎవరు చదవమన్నారు?" అని విసుక్కుని తలుపు వేసుకున్నారు. మర్నాడు పొద్దున్నే కంచె దగ్గర నిలబడి ఉన్నారు.

"ఎక్కడిదాకా వచ్చావు?"

"గుర్రం చచ్చిపోయిందండీ. పాపం, ఎందుకు చంపారు?"

"బతికుంటే హీరో ఊరు చేరిపోతాడు, కథ ముప్పై పేజీలకే అయిపోతుంది" అని, "బాధేసిందా?" అని అడిగారు. వేసిందన్నాను. తల ఊపి లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు ఎవరినీ ఏమీ అనలేదనుకుంటాను.

చివరి ఏడాది ఒకటే ప్రశ్న. "నువ్వు కాకుండా ఇంకెవరైనా తీసుకెళ్తున్నారంటావా?" లైబ్రరీకి కంప్యూటర్లు వచ్చాక పుస్తకం వెనక తేదీ ముద్రలు కొట్టడం మానేశారు, చూసి తెలుసుకునే దారి లేదు. కౌంటర్లో అడుగుతానంటే ససేమిరా ఒప్పుకోలేదు. అడిగితే లేదంటారేమోనని ఆయన భయం. ఆసుపత్రిలో కూడా అదే అడిగారు. అబద్ధం చెబితే ఇట్టే పట్టేస్తారు. "నాకు తెలీదు అంకుల్" అన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను ఆయనతో మాట్లాడిన ఆఖరి మాట అదే.

ఆ తొమ్మిది పుస్తకాలూ తీసుకుని మర్నాడు లైబ్రరీకి వెళ్లాను. కౌంటర్ దగ్గర ఒక ముసలాయన, పాడి రైతు అని చూస్తేనే తెలుస్తోంది, లైబ్రేరియన్‌తో గొడవపడుతున్నాడు.

"నా త్రికోణాలు ఎవరో చెరిపేస్తున్నారు. కావలసినవి ఒక్కటీ షెల్ఫులో ఉండవు, ఎవరో కట్టలు కట్టలు పట్టుకుపోతారు. దొరికినవాటిలో ఏది చదివానో ఏది చదవలేదో ఎలా తెలుస్తుంది?"

లైబ్రేరియన్ నా వైపు చూసి, నేనేదో వరుసలో విసుక్కుంటున్నానని కాబోలు, నవ్వుతూ సర్దిచెప్పింది. "ఈ కౌబాయ్ పుస్తకాలు చదివే పెద్దవాళ్లకి ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు ఉంటుందండీ. చదివేశాక లోపల గీసుకుంటారు, మళ్లీ పొరపాటున తీసుకెళ్లకుండా. మేం చూసీ చూడనట్టు ఊరుకుంటాం."

 ఈయన త్రికోణమైతే, ఆ సున్నా ఎవరిది? ఆ పొడి అక్షరం ఎవరిది? ఆయన ఏడాదిపాటు అడిగిన ప్రశ్నకి జవాబు పేజీ పేజీకీ నా చేతిలోనే ఉంది. దాన్ని కూర్చుని కూర్చుని రబ్బరుతో చెరిపింది నేనే. ఆ మనిషిని గోడ వైపు తిప్పి పంపింది నేనే. ఆయన మీద ఇన్నాళ్లూ విసుక్కున్నదంతా కలిపినా, ఆ క్షణం నా మీద నాకు వచ్చిన కోపానికి సరిపోదు.

"చెరిపింది నేనే" అని ముసలాయనతో చెప్పేశాను. "పట్టుకుపోయేది కూడా నేనే. క్షమించండి."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "నీ పుణ్యమా అని ఒకటి మూడుసార్లు చదివాను. మూడోసారి సగంలో తెలిసిపోయింది, గుర్రం చచ్చేది అదేనని. అయినా ఆపలేదు." నా చేతుల్లో పుస్తకాలు చూసి అడిగాడు. "నేను వెతికేది ఇతన్నే. ఇంకేమైనా రాశాడేమో తెలుసా?"

"ఇంక రాయరండీ. నిన్న పోయారు. మా పక్కిల్లే ఆయనది, ఇక్కడే, రోటోటూనాలో."

ఆయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నేను అరిజోనా మనిషనుకున్నాను" అన్నాడు.

నా చేతుల్లోంచి రెండు పుస్తకాలు తీసుకున్నాడు. అద్దాల తలుపులోంచి చూస్తూ ఉండిపోయాను. కారు పార్కులో తన పాత ట్రక్కులో ఎక్కాడు. పక్క సీట్లో కుక్క లేచి నిలబడింది, ఇంటికి బయల్దేరుతున్నామనుకుని. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఒక పుస్తకం స్టీరింగు మీద ఆనించి, మొదటి పేజీ తెరిచాడు. కుక్క కాసేపు ఆయన మొహం వంక చూసి, మళ్లీ పడుకుంది.