బావ తెచ్చిన రబ్బరు రింగులు

కామారెడ్డి ఇంకా నిజామాబాదు జిల్లాలోనే ఉన్న రోజులవి. ఆ రోజుల్లో దుబాయి నుంచి మనిషి దిగుతున్నాడంటే వాడకట్టు వాడకట్టంతా మనిషిని వదిలేసి సూట్‌కేసును చూసేది. నేనప్పుడు మా అక్కావాళ్లింట్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరాన్ని రెండోసారి చదువుతున్నాను (చదువుతున్నానన్నది మా నాయనకు చెప్పిన మాట. కాలేజీకి నా మొహం పెద్దగా గుర్తుండి ఉండదు). 2012లో ఎండలు ముదరకముందే మా బావ రెండు నెలల సెలవు మీద వచ్చాడు. సూట్‌కేసు తెరిస్తే ఒక బొచ్చు దుప్పటి, రెండు సెంటు సీసాలు, నొప్పుల మందు డబ్బీలు, వాటన్నిటి కింద పదిలంగా చుట్టి పెట్టిన ఒక ప్యాకెట్టు కనబడ్డాయి. మా అక్క ఆశగా విప్పింది. నిండా నల్లటి రబ్బరు రింగులు. అందులో పెద్దదాన్ని తీసి చేతికి తొడిగి, "గాజులు తెస్తనని ఫోన్ల చెప్తివి. గివేనా?" అంది. "జెర పైలం, సాగుతది," అని జాగ్రత్త చెప్పాడు బావ, ఏమాత్రం తొణక్కుండా.

మా బావ పని ఒక పెద్ద హోటల్లో. ఆ హోటల్లో బీరును పెద్ద స్టీలు డబ్బాల్లోంచి కుళాయికి పట్టేవారట. ఆ డబ్బాలను, గొట్టాలను కడగడం, వాటి రింగులు మార్చడం ఐదేళ్లుగా మా బావ ఉద్యోగం. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా వాడకట్టులో సాయంత్రంపూట తూలేవాళ్లందరికీ ఆయనంటే వల్లమాలిన గౌరవం. ఎదురుపడితే నిలబడిపోయి నమస్తే పెట్టేవారు. ఆయన మాత్రం ఆ ఐదేళ్లలో ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదు. ఆ మాట నేను నమ్మాను గానీ ఇంకెవరూ నమ్మలేదు.

ఇంట్లో అసలు బాధ వేరే ఉంది. మా అక్క కూతురు బుజ్జికి అప్పుడు మూడేళ్లు. బావ అంతకుముందు సెలవుకు వచ్చి వెళ్లాక పుట్టింది, తండ్రిని ఫోన్లో వినడమే తప్ప కళ్లతో చూసింది లేదు. బావ వచ్చిన మర్నాడు పొద్దున్నే వంటింట్లోకి పరుగెత్తి, "అమ్మా, గాయన ఇంక పోలేదు, మన మంచం మీదనే పండుకున్నడు," అని చెప్పింది. మేమంతా నవ్వాం. బావ కూడా నవ్వాడు. ఆ రోజంతా ఆయన అన్నం సరిగా తినలేదు. రెండు రోజులాగి నన్ను పక్కకు పిలిచి, "బామ్మర్దీ, నేను మళ్ల పోనురా. ఈడనే అల్లం సోడా పెడుతా. డబ్బాల నింపి ఫంక్షన్లకు ఇస్తా. కుదిరితే టికెట్టు చింపేస్తా," అన్నాడు.

హైదరాబాదులో పాత సామాన్ల దుకాణం నుంచి ఒక స్టీలు డబ్బా, గ్యాసు సిలిండరు తెచ్చాడు. డబ్బా బుజ్జి అంత ఎత్తు ఉండేది. అంతకుముందు ఎవరో అందులో నారింజ సోడా అమ్మారట. ఎన్ని వేడినీళ్లు పోసి కడిగినా నారింజ వాసన పోలేదు. "డబ్బాది కాదురా వాసన, రబ్బరుది. మనం మర్సిపోతం గని రబ్బరు మర్వది," అని బావ తీర్పు చెప్పి, పాత రింగులన్నీ పీకేసి ప్యాకెట్టు విప్పాడు. డబ్బాకు ఐదు రింగులు. మూతకు పెద్దది ఒకటి, గ్యాసు లోపలికి పోయే చోట రెండు, సోడా బయటికి వచ్చే చోట రెండు. ఒక్కోదాన్ని వేడినీళ్లలో కడిగి, తుడిచి, వెలుతురుకు పట్టి పగుళ్లున్నాయేమో చూసి ఎక్కించేవాడు. ఆ సమయంలో ఎవరూ దగ్గకూడదు, తుమ్మకూడదు. చివరికి మూత బిగించి గ్యాసు ఎక్కించి, చుట్టూ కుంచెతో సబ్బునీళ్లు రాసి మోకాళ్ల మీద కూర్చుని చూసేవాడు. ఒక్క బుడగ వచ్చినా మళ్లీ మొదటి నుంచే. "సబ్బునీళ్లు పెట్టకుంట డబ్బా గడప దాటద్దు. యాదుంచుకో," అని నాకు రోజుకు నాలుగుసార్లు చెప్పేవాడు. అయిదోసారి నేనే చెప్పేవాణ్ణి, వెక్కిరింపుగా.

సోడా మాత్రం అద్భుతంగా కుదిరింది. ఎల్లారెడ్డిలో ఒక ఫంక్షన్ హాలు సేటు సంగతి విని కబురు పెట్టాడు. తన మనవణ్ణి ఉయ్యాలలో వేసే తొట్టెల ఫంక్షన్‌కు ఒక డబ్బా తెమ్మన్నాడు. చుట్టాలకు నచ్చితే ఆ సీజను పెళ్లిళ్లన్నిటికీ తన హాల్లో మా సోడానే. అప్పటికి బావ సెలవు ఇంకా పన్నెండు రోజులుంది.

ఆ పొద్దున బావవాళ్ల అమ్మ (అందరిలాగే నేనూ ఆమెను అవ్వ అనే పిలిచేవాణ్ణి) డబ్బాకు బొట్టు పెట్టింది. "మొదటిపారి బయటికి పోతున్నది, దారం కట్టకుంట ఎట్ల పంపుతరు?" అని పసుపు రాసిన దారానికి పసుపుకొమ్ము కట్టి, మూత బిగించే పిడికి ముడివేసింది. బావ అడ్డు చెప్పలేదు. అప్పటికే సబ్బునీళ్ల పరీక్ష అయిపోయింది. ఆటో తేవడానికి ఆయన బయటికి వెళ్లాడు. అదిగో, నా తెలివి అప్పుడు పని చేయడం మొదలుపెట్టింది. ముందురోజు సోడా తాగి అవ్వ, "మంచిగున్నది గని గొంతు మండుతున్నది, పిలగాండ్లు తాగుతరా?" అంది. బావకు దుబాయి నోళ్లు తెలుసు గానీ ఎల్లారెడ్డి నోళ్లు ఏం తెలుసు అనుకున్నాను. గ్యాసు వదిలి, మూత తీసి, చెంబెడు చక్కెర పాకం పోశాను. నురగ బుస్సున పొంగి నా ఇస్త్రీ చొక్కా మీదికి వచ్చింది. తుడిచీ తుడవకుండా మూత పెట్టి, పిడి నొక్కి, మళ్లీ గ్యాసు ఎక్కించాను. వీధిలో ఆటో హారన్ మోగింది. సబ్బునీళ్ల మగ్గు నా కాలి దగ్గరే ఉంది, కుంచె అందులోనే ఉంది. ఒక్క నిమిషం పని. హారన్ మళ్లీ మోగింది. నేను డబ్బా ఎత్తుకున్నాను.

లింగంపేటలో ఆటో ఆపించి బావ ఐసు కోసం దిగాడు. ఇంజను ఆగిన ఆ నిశ్శబ్దంలో నాకు సన్నగా 'సుయ్' మని వినబడింది. వంగి చూస్తే, అవ్వ కట్టిన దారం కొస మూత కిందికి పోయి, రింగుకూ డబ్బాకూ మధ్య నలుగుతోంది. అప్పుడు చెప్పి ఉంటే అయిపోయేది. సిలిండరు పక్కనే ఉంది, టైమూ ఉంది. నేనేం చేశానంటే, భుజం మీది తువ్వాల తీసి మూత మీద కప్పాను. సోడాకు ఎండ తగలకుండా కప్పానని బావ మెచ్చుకున్నాడు కూడా.

ఎల్లారెడ్డిలో తొట్టెల పాటలు అయిపోయాయి. చుట్టాలంతా భోజనాల బంతి లేచి మా చుట్టూ మూగారు. బావ తెల్ల చొక్కా వేసుకుని, పూజారిలా గంభీరంగా నిలబడి మొదటి గ్లాసు పట్టాడు. నురగ లేదు, బుడగ లేదు. గోధుమరంగు నీళ్లు మాత్రం వచ్చాయి. హాలు సేటు ఒక గుక్క తాగి, గ్లాసును వెలుతురుకు పట్టి చూసి, "ఏందే ఇది? బాలింత లోపటున్నది. కషాయం ఆమెకు ఇయ్యాలె గని మాకు పోస్తున్నవేంది?" అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. ఒక ముసలమ్మ మాత్రం రెండో గ్లాసు అడిగి, "పొట్టకు మంచిది బిడ్డా, జెర మిరియాలు ఎయ్యాల్సుండె," అని సలహా ఇచ్చింది. ఎవరో నిజంగానే బాలింతకు ఒక గ్లాసు తీసుకెళ్లారు. నాకు భూమి చీలితే దూరిపోవాలనిపించింది.

బావ నవ్వలేదు, కోపగించుకోలేదు. డబ్బా ముందు మోకాళ్ల మీద కూర్చుని మూత తీశాడు. మూత కింద వేలితో తడిమి, జేబులోంచి కొత్త రింగు తీసి, ఇంట్లో ఎలా ఎక్కిస్తాడో అలాగే, అంతమంది నవ్వుతుండగా, తుడిచి, వెలుతురుకు పట్టి చూసి ఎక్కించాడు. అప్పుడు ఎక్కించి లాభం లేదు. చల్లగా ఒక రోజంతా ఉంటే తప్ప గ్యాసు నీళ్లకు పట్టదు. "రింగు పోయింది సేటూ. పాతది. తప్పు నాదే," అన్నాడు. ఇంటికొచ్చి అక్కతోనూ, అవ్వతోనూ అదే మాట చెప్పాడు. అవ్వ ఆ రబ్బరును నోటికొచ్చినట్టు తిట్టింది. నేను కూడా ఒక తిట్టు తిట్టాను. ఆ తిట్టు తలుచుకుంటే ఇప్పటికీ నాకు మొహం చెల్లదు.

సేటు మళ్లీ కబురు పెట్టలేదు. మిగిలిన సెలవు రోజులూ గడిచిపోయాయి. కామారెడ్డి స్టేషన్లో బావను రైలెక్కించడానికి నేనొక్కణ్ణే వెళ్లాను. బుజ్జి ఏడుస్తుందని అక్క రాలేదు. నిజానికి బుజ్జి ఏడవలేదు. "గాయన పోతున్నడా?" అని అడిగి ఆటలో పడింది. రైలు వస్తోందని మైకులో చెప్పగానే నేను బావ చెయ్యి పట్టుకున్నాను. "బావా, మూత నేనే తీసిన. పాకం పోసిన. సబ్బునీళ్లు పెట్టలే," అన్నాను.

బావ పర్సు తీశాడు. అందులో నలిగిపోయిన పసుపు దారం ముక్క ఉంది. "ఇది మూత కింద దొరికింది. నేను బిగించినప్పుడు దారమే లేకుండె. మీ అక్క తీయది, అవ్వకు తీయరాదు. ఇంకెవరున్నరురా ఇంట్ల?" అన్నాడు.

"మరి తెలిసి గూడ చెప్పకపోతివేంది?"

"చెప్తే అవ్వ ఇంక దేనికీ దారం కట్టది, తన చెయ్యి మంచిది కాదనుకుంటది. మీ అక్క నీకు జన్మల అన్నం పెట్టది. రింగు పోయిందంటే ఎవ్వలకు బాధ? దానికి నోరున్నదా, రోషమున్నదా?" అని, రింగుల ప్యాకెట్టు నా చేతిలో పెట్టాడు. "డబ్బా ఊకె ఉంచకు. సబ్బునీళ్లు మర్వకు," అని రైలెక్కాడు. నేను ప్లాట్‌ఫారం మీద అందరూ చూస్తుండగా ఏడ్చాను.

డిగ్రీ కాలేజీ నన్ను పూర్తిగా మరిచిపోయింది గానీ, డబ్బాను నేను మరవలేదు. రెండేళ్లు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోకుండా కామారెడ్డిలో బండి మీద సోడా అమ్మాను. బావ దుబాయి వదిలేసి తిరిగొచ్చిన రోజు ఇంటి ముందు మూడు డబ్బాలున్నాయి. ఆయన సూట్‌కేసు కింద పెట్టి, మగ్గు అడిగి, మూడింటికీ సబ్బునీళ్లు రాసి చూసిన తరువాతే లోపలికి వచ్చాడు. బుజ్జికి అప్పటికి అయిదేళ్లు. తలుపు చాటునుంచి చూసి, "మామా, గాయన ఎవరు?" అని నన్నే అడిగింది. నేను దాన్ని ఎత్తుకుని బావ దగ్గరికి తీసుకెళ్లాను.

అవ్వ ఇప్పటికీ ప్రతి డబ్బాకూ దారం కడుతుంది, అయితే నేను చెప్పినట్టు అడుగున. ఎందుకని ఆమె అడగలేదు. నేను ఇప్పటికీ సబ్బునీళ్లు రాసి మోకాళ్ల మీద కూర్చుంటాను, మోకాళ్లు ఇప్పుడు కాస్త గొణుగుతాయి. నా దగ్గర పనిచేసే కుర్రాళ్లు నన్ను చూసి వెనక నుంచి వెక్కిరిస్తారు, నాకు వినబడుతుంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఆ తెలివిగల బామ్మర్దిని తలుచుకుని నేనూ నవ్వుకుంటాను. ఇదంతా బావ నాకు కట్టబెట్టిన రహస్యం, ఇన్నాళ్లూ దాచాను. మా అక్క ఈమధ్య కళ్లద్దాలు పెట్టుకుని దొరికిందల్లా చదువుతోంది. ఇదీ చదువుతుంది. అక్కా, ఆ రింగు మంచిదే. అన్నం మాత్రం పెట్టు.