నైరుతి మూల బోరు

2022 మే నెలలో గుణదలలో ఒక ఇంటి ధరను పావుగంటలో ఆరు లక్షలు దించాను. పాత ఇళ్ల అమ్మకాల్లో మధ్యవర్తిగా పదిహేనేళ్లు తిరిగాను గానీ, అంత సునాయాసంగా ధర దించినవాళ్లను నేను చూడలేదు. దానికి నాకైన ఖర్చు రెండు వేలు. ఆ వారమంతా తోటి బ్రోకర్లకు టీలు పోయించి మరీ చెప్పుకున్నాను. నా వృత్తిలో చేసిన పనులన్నిటిలోకీ తెలివితక్కువది కూడా అదే.

మా పుట్టింటివాళ్లది వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు. కొనడానికి వచ్చినవాళ్లు గిన్నెను తిప్పి తిప్పి చూసి, ఎక్కడో ఒక సొట్ట పట్టుకుని పది రూపాయలు తగ్గించమనేవారు. సొట్ట లేకపోతే ఉన్నట్టు మొహం పెట్టేవారు. నాన్న వాళ్లను తిట్టుకునేవాడు. నేను గల్లాపెట్టె పక్కన కూర్చుని వాళ్ల దగ్గరే పని నేర్చుకున్నాను. ఇళ్ల విషయంలోనూ నాది అదే పద్ధతి, ముందు సొట్ట వెతకడం.

ఆ ఇల్లు కోటేశ్వరరావు మాస్టారిది. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నూట అరవై గజాల స్థలం, తూర్పు ముఖం, కింద ఒక వాటా, పైన ఆయన ఉండే వాటా. మోకాళ్లు మెట్లు ఎక్కనివ్వడం లేదని, ఇబ్రహీంపట్నంలో తమ్ముడి ఇంటి పక్కనే గ్రౌండ్ ఫ్లోరు ఫ్లాటు చూసుకుని ఐదు లక్షలు అడ్వాన్సు ఇచ్చేశారు. జూన్ నెలాఖరులోగా మిగతాది కట్టకపోతే ఆ ఐదూ పోయినట్టేనని అగ్రిమెంటులో ఉంది. ఇల్లు అమ్మాలనుకునేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. మీ ఇంటికి అడ్వాన్సు చేతికి రాకముందు ఇంకో ఇంటికి అడ్వాన్సు ఇవ్వకండి. ఒకవేళ ఇచ్చినా, ఆ గడువు సంగతి బ్రోకరుకు చెప్పకండి. మాస్టారు మొదటిరోజే, కాఫీ ఇస్తూ, నాకు చెప్పేశారు.

నేను కొనేవాళ్ల తరఫున వెళ్లాను. రవికుమార్, సునీతలది చల్లపల్లి. అతను ఒక కంపెనీలో అకౌంట్లు రాస్తాడు, ఆమె స్కూల్లో లెక్కల టీచరు. పదకొండేళ్లలో నాలుగు అద్దె ఇళ్లు మారారు. ఆ ఇంటి పెరట్లో నిలబడి సునీత, "అక్కా, ఇక్కడ బట్టలారేసుకుంటే ఎవరూ తీయమని అనరు కదా!" అంది. ఇల్లు నచ్చిందనడానికి నాకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మాస్టారు తొంభై రెండు లక్షలు చెప్పి, తొంభైకి దిగి ఆగిపోయారు.

"ఎనభై ఎనిమిది దాటితే మావల్ల కాదక్కా, బ్యాంకువాళ్లు అంతకంటే ఇవ్వరు" అన్నాడు రవికుమార్.

"నువ్వు నోరు మెదపకుండా ఉండు చాలు. నేను దించుతాగా!" అన్నాను.

ఇల్లు కొనేముందు వాస్తు చూపించుకోవడం మన దగ్గర మామూలే. ఆ చూసే సిద్ధాంతికి ఏం చూడాలో ముందే చెప్పి తీసుకెళ్లడం మా బ్రోకర్ల విద్య. నైరుతి మూల బోరు ఉండటం నేను గమనించాను. సిద్ధాంతిగారి చేతిలో రెండు వేలు పెట్టి, "కాస్త గట్టిగా చెప్పండి" అన్నాను. ఆయన నేను అడిగినదానికన్నా గట్టిగానే చెప్పారు.

"నైరుతిలో గొయ్యి ఉండకూడదు మాస్టారూ. ఇంటి ఇల్లాలికి ప్రాణం మీదకి తెస్తుంది."

"ఇల్లాలికా?" అన్నారు మాస్టారు.

"ఇల్లాలికేనండీ."

ఆయన లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చారు. బేరమాడలేదు. "ఎనభై నాలుగుకి తీసుకోండమ్మా" అన్నారు. నేను అప్పటికప్పుడు లేచి నమస్కారం పెట్టి రవికుమార్‌నీ, సునీతనీ తీసుకుని బయటపడ్డాను. కుదిరిన బేరం దగ్గర ఎక్కువసేపు నిలబడకూడదన్నది కొట్టులో నేర్చుకున్నదే.

వీధి మలుపు దాటగానే సునీత ఆగిపోయింది. "హాల్లో దండ వేసిన ఫోటో చూశారా అక్కా? ఆయన భార్యట. రెండేళ్లయిందట పోయి."

నేను ఆ గోడకున్న చెమ్మ చూశాను. ఫోటో చూడలేదు.

"మాకొద్దక్కా ఆ ఇల్లు" అంది సునీత.

"అది నేను చెప్పించిన మాటమ్మా. ధర దించడానికి సిద్ధాంతికి డబ్బులిచ్చి మరీ చెప్పించా."

"మీరే చెప్పించి ఉండొచ్చు. బోరు అక్కడే ఉంది కదండీ? ఆవిడ పోయిన మాటా నిజమే కదా?"

లెక్కల టీచరుతో వాదించి గెలవడం నాకు చేతకాలేదు. వాళ్లు తప్పుకున్నారు. మరో పార్టీని తెద్దామంటే, టీలు తాగిన బ్రోకర్లు నా ఘనకార్యాన్ని ఏలూరు రోడ్డు పొడవునా ప్రచారం చేసి పెట్టారు. "నైరుతి బోరు ఇల్లా? వద్దులే పద్మక్కా" అని ఫోన్లు పెట్టేశారు. నెల రోజులు ఆ గేటు తీసినవాళ్లు లేరు.

జూన్ మధ్యలో మొహం చెల్లక చెల్లక వెళ్లాను. మాస్టారు బోరు మోటారు కట్టేసి, మునిసిపల్ కుళాయి నీళ్లు బిందెతో మోసుకుంటున్నారు, ఆ మోకాళ్లతోనే.

"నేనే తవ్వించానమ్మా ఆ బోరు. ఎండాకాలం మా ఆవిడ భారతి నీళ్లకి ఇబ్బంది పడుతోందని" అన్నారు. అడ్వాన్సు సంగతి ఎత్తనేలేదు.

ఉన్నదంతా చెప్పేశాను. ఎంత ఇచ్చానో, ఏం చెప్పమన్నానో కూడా. ఆయన సాంతం విని మెల్లగా నవ్వారు. "నా బాధ చూడలేక అంటున్నారు. మీది మంచి మనసమ్మా."

నన్ను ఎవరైనా మోసగత్తె అంటే తట్టుకోగలను, అలవాటే. ఆ మాట తట్టుకోలేకపోయాను. నేరుగా సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్లి, వచ్చి మాస్టారికి నాలుగు మాటలు చెప్పమని బతిమాలాను. సిద్ధాంతిగారికి కోపం వచ్చింది. "మీరు చెప్పమన్నారని చెప్పలేదమ్మా, ఉందని చెప్పాను. శాస్త్రం మీ రెండు వేలకి పుట్టిందా?"

ఇంటికొచ్చి ఆ ఇంటి ఫైలు ముందేసుకున్నాను. అందులో ఈసీ ఉంది. ఈసీ అంటే ఒక ఆస్తి మీద ఏ ఏడాది ఏ అమ్మకం, ఏ తనఖా జరిగిందో రిజిస్ట్రేషన్ ఆఫీసువాళ్లు ఇచ్చే జాబితా. కొనేవాళ్లు ముందుగా అడగాల్సిన కాగితం అదే. నేనూ చూశాను. 2017లో ఒక తనఖా, తర్వాత అది తీరినట్టు ఇంకో నమోదు. అప్పు తీరిందని నిర్ధారించుకుని పక్కన పెట్టేశాను. అప్పు ఎందుకు చేశారని అడగలేదు. బ్రోకరుకు ఆ ప్రశ్నతో పనేముంది?

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆ ప్రశ్న అడిగాను.

"భారతికి డయాలసిస్ మొదలైందమ్మా అప్పుడే. ఇంటి మీద తెచ్చాం" అన్నారు మాస్టారు.

"బోరు ఎప్పుడు వేయించారు?"

"ఎప్పుడో... బిల్లు ఉండాలి."

ఆయన ఏ కాగితమూ పారేయని మనిషి. బోరు బిల్లు దొరికింది. 2019 ఏప్రిల్. ఈసీని, బిల్లును బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఏది ముందో ఏది తర్వాతో తేదీలు చూసి చెప్పడమే మా పనిలో సగం. ఇక నా నోటితో చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని రెండు తేదీలూ మళ్లీ మళ్లీ చదివారు. తర్వాత బోరు బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇది ఇల్లు కొనేవాళ్లకి అక్కర్లేదు కదమ్మా?"

"అక్కర్లేదండీ."

సునీతకు తేదీలు చెప్పాను. తలూపింది గానీ, "బోరు మాత్రం అక్కడ వద్దక్కా" అంది. అంతవరకు న్యాయమే. పాత బోరు పూడ్పించి, ఈశాన్యంలో కొత్తది నా ఖర్చుతో వేయించాను. సిద్ధాంతిగారు మళ్లీ వచ్చి బాగుందన్నారు, ఈసారి మూడు వేలు తీసుకుని. ఇక ధర దగ్గరికొచ్చాం.

"ఎనభై నాలుగే కదక్కా?" అన్నాడు రవికుమార్.

"ఆ ఆరు లక్షలు బోరుకి తగ్గాయి బాబూ. బోరు మారింది. ఇప్పుడు దేనికి తగ్గించమందాం?"

"అసలు మీరు మా తరఫా, ఆయన తరఫా?"

"మీ తరఫే. అందుకే పైవాటా బాత్రూం కారుతోంది, వైరింగ్ పాతది, వాటికి రెండు లక్షలు అడుగుతా. అంతకంటే అడగను."

ఎనభై ఎనిమిదికి రిజిస్ట్రేషన్ అయింది. ఆ తర్వాత నేను ఏ బేరానికి వెళ్లినా కొనేవాళ్లకు ఇదే చెబుతున్నాను. తాపీమేస్త్రీ, ఎలక్ట్రీషియన్, ప్లంబర్ బాగుచేయగలిగిన లోపం మీదే ధర తగ్గించమనండి. వాళ్లు బాగుచేయలేనిది ఏదైనా మీకు పట్టింపు అయితే ఆ ఇల్లు కొనకండి, అంతే. దాన్ని పట్టుకుని బేరమాడకండి. అమ్మేవాళ్లను ఎందుకు అమ్ముతున్నారని అడగడంతో ఆగకండి, ఇంట్లో ఎవరెవరు ఉండేవారో కూడా అడగండి.

ఇక లెక్క. నాకు వచ్చిన కమిషన్ ఒక శాతం, ఎనభై ఎనిమిది వేలు. బోరుకు డెబ్బై నాలుగు వేలు, సిద్ధాంతిగారికి రెండుసార్లూ కలిపి ఐదు వేలు పోగా నాకు మిగిలింది తొమ్మిది వేలు. జూన్ గడువు దాటినందుకు ఇబ్రహీంపట్నం ఫ్లాటు యజమాని మాస్టారి అడ్వాన్సు మింగలేదు గానీ, ఇరవై వేలు అదనంగా పట్టుకున్నాడు. అది నేనిస్తానన్నాను. వద్దన్నారు. రెండోసారి అడగలేదు, కాబట్టి అది ఆయన నష్టంలోనే ఉంది. ఇవి కాక, ఒక మనిషి తన భార్య చావుకు తానే కారణమని నమ్మిన ముప్ఫై రెండు రోజులు. అవి నా పద్దు.