మొలకెత్తిన వరిపన

ఆ జూన్‌లో పొందూరు దగ్గర మా ఊరి చర్చి అంతా మోకరించి వాన కోసం ఏడ్చింది. రాలేదు. ఇంజను పెట్టి నీళ్లు తోడి ఎలాగో నాట్లు వేశాం. తీరా కోసిన పనలు మళ్లో ఆరేశాక, పాడు వాన, ఆగకుండా కురిసింది.

కోతల పండక్కి ప్రతి ఇల్లూ తొలిపంట చర్చికి తేవాలి. అమ్మ ఆ తడిసిన పనే తెచ్చింది. గింజగింజకీ పచ్చటి మొలక.

"ఇదేటమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"జూన్‌లో మనం అడిగిన వానేనయ్యగారూ. ఇప్పుడొచ్చినాది."

స్తోత్రం చెప్పాలో, వాన ఆపమని అడగాలో తేలక ఆయన కళ్లు మూసుకుని ఊరుకున్నారు. మేం మాత్రం ఆమెన్ అన్నాం.

మర్నాడు నాన్న పొలం మూల నీటిగుంట తవ్వడం మొదలెట్టాడు. "ఎప్పుడొచ్చినా ఇందులోనే పడి సావనీ," అంది అమ్మ.

అది తిట్టో ప్రార్థనో నాకిప్పటికీ తెలీదు.