ఎర్ర గీత పడని పేజీ

కోదాడలో సువార్తమ్మ చేతుల మీద పుట్టినవాళ్లకు ఒక సంగతి కచ్చితంగా తెలిసి ఉండేది: తాము ఏ ఇంట్లో పుట్టిందీ, అప్పుడు దీపం పట్టుకుని నిలబడింది ఎవరన్నదీ. మిర్యాలగూడలో ఒక దొరసాని డాక్టరమ్మ దగ్గర ఆమె పురుళ్లు పోయడం నేర్చుకుంది. ఎవరి వయసు గురించైనా తగవు వస్తే పెద్దమనుషులు ఆమెనే పిలిపించేవారు. ఇల్లూ సాక్షీ చెప్పలేని కాన్పు కాన్పే కాదని ఆమె నమ్మకం.

యాభై దాటి చేతులు వణకడం మొదలయ్యాక, పని నేర్చుకునే ఆడపిల్లల కోసం తను చూసిన కష్టపు కాన్పులన్నీ పుస్తకంగా రాసింది. రెండేళ్లు పట్టింది. ఆమె వాక్యానికి మొదలుంటే చివర ఉండేది కాదు. అందుకని సూర్యాపేటలో జానయ్య పంతులుకు అప్పగించింది. అర్జీలు రాయడం ఆయన బతుకుదెరువు. యక్షగానాలు, భజనపాటలు రాసుకున్నవాళ్లు తెచ్చిస్తే దిద్ది సాపు ప్రతి తయారు చేయడంలో ఆయనకు పేరుంది. రెండు బస్తాల వడ్లకు ఒప్పుకున్నాడు.

ఆయన దిద్దిన తీరు ఆమెకు నచ్చలేదు. మొదటి కట్ట తిరిగొస్తే, ఒక్క పేజీలో తప్ప అన్నిట్లో ఎర్ర గీతలే. ఇళ్ల పేర్లన్నీ కొట్టేశాడు. బిడ్డ అడ్డం తిరిగితే ఏం చేయాలో చెప్పు, ఎవరింట్లో చేశావో పుస్తకానికెందుకన్నాడు. ఇల్లు తీసేస్తే అది అబద్ధపు సాక్ష్యమవుతుందని, కొట్టేసినవన్నీ మళ్లీ పెట్టమని చెప్పి ఆమె ఆ కట్టను వెనక్కి పంపింది.

అది నలభై ఎనిమిది. రజాకార్లు పోయి మిలిటరీ వచ్చింది. కమ్యూనిస్టు సంఘంవాళ్ల కోసం తండాలు గాలిస్తున్నారు. వాళ్లకు అన్నం పెట్టిన ఇళ్లవాళ్లను లారీ ఎక్కించి తీసుకుపోతున్నారు. అట్లా పోయినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. ఒకరోజు పొద్దున్నే, సూర్యాపేటలో ఇళ్లు సోదా చేస్తున్నారని, రాసిన కాగితం ఏది కనబడ్డా వదలడం లేదని తెలిసింది.

సువార్తమ్మ నోటి దగ్గరి ముద్ద పళ్లెంలోనే వదిలేసింది. పుస్తకంలో తను రాసిన ఒక పేజీ గుర్తొచ్చింది. మేళ్లచెరువు తోవలో తండా. ముసలి బిచ్చా గుడిసెలో మంగ్లీ కాన్పు. మొగుడు దేవ్‌సింగ్ దళంలో ఉండి, దొంగచాటుగా వచ్చి బిడ్డను ఒకసారి ఎత్తుకుని చూసి వెళ్లిపోయాడు. దీపం పట్టింది బిచ్చా. అన్నీ నిజాలే, అన్నీ తన చేతిరాతే. ఆ కట్ట ఇప్పుడు జానయ్య ఇంట్లో ఉంది.

బొగ్గుతో నడిచే బస్సు దిగి ఆమె ఆ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. వాకిట్లో జీపు ఉంది. లోపల ఆఫీసరు మంచం మీద కూర్చున్నాడు. ఆయనకు తెలుగు రాదు. జానయ్య నిలబడి ఒక్కో పేజీ చూస్తూ ఉర్దూలో చెబుతున్నాడు. నిజాం ఏలుబడిలో పెరిగిన సువార్తమ్మకూ ఆ భాష వచ్చు. భుజం పక్కనే మద్రాసు పోలీసుల్లోని కానిస్టేబుల్ ఒకడు నిలబడి ఆ కాగితాల్లోకే చూస్తున్నాడు. అతనికి తెలుగు వచ్చో రాదో ఎవరికీ తెలియదు.

పుస్తకం తనదేనని చెప్పి ఆమె గోడకు ఆనుకుంది. జానయ్య పేజీ తిప్పాడు. ఎర్ర సిరా ఒక్క చుక్కయినా పడని పేజీ అది. అంతదూరం నుంచే ఆమె గుర్తుపట్టింది.

పంతులు గొంతు ఆగలేదు. ఒక పేదరాలు, ఒక పాక, మొగుడు కలరాతో పోయాడు, పక్కింటి ముసలమ్మ దీపం పట్టింది అని చెప్పుకుపోయాడు. ఆమె రాసినదాంట్లో మిగిలింది ఒక్కటే, బిడ్డ ఎదురుకాళ్లతో వచ్చిందన్నది.

ఆఫీసరు ఆమె వైపు తిరిగి నిజమేనా అని అడిగాడు.

"నిజమే దొరా," అంది సువార్తమ్మ. "మొగుడు లేడు ఆమెకు."

ఇంకో నాలుగు కాన్పులు విని ఆఫీసరు విసుగ్గా లేచిపోయాడు. కానిస్టేబుల్ గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు. బెజవాడ వైపు మాట.

"పంతులుగారూ, చదివేటప్పుడు కళ్లు కదలాలండి. ఇందాక ఒక పేజీలో మీ కళ్లు ఒక్కచోటే ఉండిపోయాయి."

ఇంకేమీ అనకుండా వెళ్లి జీపెక్కాడు.

జానయ్య కాగితాలన్నీ మళ్లీ కట్టగా పేర్చాడు. ఆమె ఆ పేజీని బయటికి లాగి, అన్ని పేజీలు కొట్టేసినవాడివి ఆ ఒక్కటి ఎందుకు వదిలేశావని అడిగింది.

"అండ్ల దిద్దేటిది ఏమున్నది సువార్తమ్మా. గంత మంచిగ రాసినవ్," అన్నాడు ఆయన.

ఆమె ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టి, పూర్తిగా బూడిదయ్యేదాకా అక్కడే కూర్చుంది. తర్వాత కట్ట తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇండ్ల పేర్లు తీసెయ్ పంతులూ. ఒక్కటి కూడ ఉంచకు."

కాల్చిన పేజీ అంకె సాపు ప్రతిలోనూ ఖాళీయే, అరవై తర్వాత అరవై రెండో పేజీ వస్తుంది. ఆ కానిస్టేబుల్ ఎవరికైనా చెప్పాడో లేదో ఆమెకు ఎన్నడూ తెలియలేదు. ఆ చలికాలమంతా లారీ చప్పుడు వినబడితే చాలు, చేస్తున్న పని ఆపి బయటికొచ్చి, అది మేళ్లచెరువు తోవ పడుతుందేమోనని చూస్తూ నిలబడేది. రెండుసార్లు పడింది. రెండుసార్లూ ఆమె నడుచుకుంటూ తండాదాకా పోయి, బిచ్చా గుడిసెలోంచి పొయ్యి పొగ రావడం దూరం నుంచే చూసి, లోపలికి పోకుండానే తిరిగొచ్చింది.